జయంతులూ, సెలవులూ

కొత్త సంవత్సరపు కాలెండరు ఇంటికి రాగానే మనం మొదట చూచేది దానిమీది బొమ్మను. తరువాత ఎర్ర అంకెలను. నల్ల అంకెలవంక చూచేవాడెవడైనా ఉంటే అతడు నెలజీతగాడై ఉండడు, విద్యార్థి అసలే కాడు. ఎర్ర అంకె సోమవారంమీద పడి ఆదివారంతో చేయి కలిపినదా, లేక ఆదివారంమీదనే పడి అందులో కలిసిపోయినదా అని లెక్క చూచుకొంటాము. చేయి కలిపితే సంతోషిస్తాము. కలిసిపోతే నష్టం వచ్చిన వర్తకునివలె నిట్టూర్చి, అటుపిమ్మట ఆ కాలెండరును గోడకు తగిలిస్తాము.

నా బతుకు మాత్రం నల్ల అంకెలతోనే. రేడియోలో సాహిత్య కార్యక్రమాలు చూచే నావంటివారి బల్లమీద ఒక పట్టిక ఉంటుంది. ఏ తేదీన ఏ కవి పుట్టినాడు, ఏ రచయిత గతించినాడు అని నెలవారీగా వ్రాసి పెట్టుకొన్న పుస్తకం అది. పెండ్లిండ్లు చేయించే పురోహితునికి ముహూర్తాల పట్టీ ఎంతో, మాకు అది అంత. పుట్టినవారిని పుట్టిననాడు, పోయినవారిని పోయిననాడు తలచుకొనడం మా ఆచారం. తక్కిన మూడువందల అరవైమూడు దినాలు వారు తమ పుస్తకాలలో నిశ్చింతగా ఉండవచ్చు. మేము వారి జోలికి పోము.

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను జయంతికీ వర్ధంతికీ గల భేదం గమనించక, ఒక మహాకవి వర్ధంతి ఉదయాన 'ఈ శుభదినాన' అంటూ ప్రారంభించినాను. నాలుగవనాడు ఒక శ్రోతవద్దనుండి కార్డు వచ్చినది. అందులో ఒక్కటే వాక్యం: "అయ్యా, ఆ కవిగారు మీకేమి అపకారం చేసినారు?" ఆ కార్డును ఆ పట్టికలోనే దాచుకొన్నాను. అప్పటినుండి 'శుభ' అనే మాట వాడవలసి వచ్చినప్పుడల్లా రెండుసార్లు తేదీ చూచుకొంటాను.

మాది పాన్‌గల్. వనపర్తి జిల్లా. కొండమీద కోట, కొండక్రింద ఊరు. ఈ పేరు చెన్నపట్నంలో చెప్పితే త్యాగరాయనగరంలోని పానగల్ పార్కు అనుకొంటారు. నల్లగొండలో చెప్పితే తమ ఊరి ప్రక్కనే ఉన్న పానగల్లు అనుకొంటారు. మా పాన్‌గల్‌నుండి కృష్ణ దాటితే గద్వాల. గద్వాలనుండి పడమరగా పోతే రాయచూరు, అంటే కన్నడదేశం. మా అక్కను రాయచూరులో ఇచ్చినాము. ఆమె కొడుకు ఆరవ తరగతి చదువుతూ ఉండగా ఒక కార్తికమాసంలో మా ఇంటికి వచ్చి, పనిదినమైనా తాను హాయిగా కూర్చుండి, నేను కార్యాలయానికి బయలుదేరుతూ ఉండడం చూచి ఆశ్చర్యపడినాడు.

"మామా, ఇయ్యాల మీకు సెలవు లేదా? కనకదాసు జయంతి గద!"

లేదన్నాను. వాల్మీకి జయంతికి? లేదన్నాను. బసవజయంతికి? అదీ లేదన్నాను. పిల్లవాడు కొంచెం ఆలోచించి, జాలిగా అడిగినాడు: "మామా, మీ దిక్కు కవులు లేరా?"

నేను కార్యాలయానికి ఆలస్యమయినా సరే అని కూర్చుండి, నన్నయతో మొదలుపెట్టి, తిక్కన, ఎర్రన, పోతన అంటూ వరుసగా చెప్పుకొంటూ వచ్చినాను. పిల్లవాడు ఓపికగా విన్నాడు. విని, "అంతమంది ఉంటే ఒక్కరికన్న సెలవు ఇయ్యరా?" అన్నాడు.

ఈ తర్కానికి నావద్ద సమాధానం లేకపోయినది. కర్ణాటకలో వాల్మీకికి ఆశ్వయుజ పూర్ణిమనాడు, కనకదాసుకు కార్తికంలో, వచనకర్త బసవేశ్వరునికి అక్షయతృతీయనాడు సెలవులున్నవి. మూడవది వేసవి సెలవులలో పడుతుంది గనుక పిల్లల లెక్కలో దానికి విలువ తక్కువ. అయినా లెక్కకు ఉన్నది. పశ్చిమబంగాళంలో రవీంద్రుని జన్మదినానికి సెలవు. అదికూడా ఇంగ్లీషు తేదీనాడు కాదు; వారి వైశాఖమాసం ఇరవైయైదవనాడు. ఆయన పుట్టినది 1861 మే 7న అయినా, బంగాళీ పంచాంగం ప్రకారం ఆ పండుగ ఇప్పుడు ఒకటి రెండు దినాలు వెనుకకు జరిగి వస్తున్నది. విశ్వకవికైనా పంచాంగంముందు తలవంచక తప్పలేదు.

ఈ విషయంలో తమిళులు చూపిన నేర్పు మరెవ్వరూ చూపలేదు. తిరువళ్ళువరు ఎప్పుడు పుట్టినాడో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే సదుపాయమని వారు గ్రహించినారు. పొంగలు మరునాటిని ఆయన దినంగా నిర్ణయించి సెలవు ప్రకటించినారు. సంవత్సరం కూడా విడిచిపెట్టలేదు: క్రీస్తుకు ముందు 31 అని నిశ్చయించి, అక్కడినుండి ఒక శకమే లెక్కిస్తున్నారు. పొంగలు మరునాడు అంటే మన కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదని మన సామెత. కాకి కూడా కదలని దినాన పుట్టిన కవికి సభకు జనం రాకపోవడమనే భయం లేదు. అందరూ ఇండ్లలోనే ఉంటారు, రేడియో ప్రక్కనే ఉంటారు.

తెలుగువారికి దినాలున్నవి, సెలవులు లేవు. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన ఆగస్టు 29 ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషాదినోత్సవం. కాళోజీ నారాయణరావుగారు పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణలో భాషాదినోత్సవం, 2014నుండి జరుపుకొంటున్నాము. ఒకే భాషకు పదకొండు దినాల ఎడంలో రెండు పండుగలు. బాలింతకు పురుడు పదకొండవనాడు చేస్తాము గదా! ఆ శాస్త్రం ఇక్కడకూడా పాటించినారని సరిపెట్టుకొందాము. ఈ సంగతి మేనల్లునికి చెప్పుతూ, "కాళోజీ పుట్టినది ఎక్కడో తెలుసునా? మీ కర్ణాటకలోనే, బిజాపురం జిల్లా రట్టిహళ్ళిలో" అన్నాను. "అయితే మాకన్న సెలవు ఇయ్యాలె" అన్నాడు వాడు.

సెలవు సంగతి అట్లుంచి, ఒక వృత్తిరహస్యం చెప్పుతాను. కవులు పుట్టుకలో ఏమాత్రమూ ముందుచూపు చూపరు. అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. తరువాత చాలాకాలం ఎవరూ రారు. సెప్టెంబరు చూడండి. తొమ్మిదిన కాళోజీ, పదిన విశ్వనాథ సత్యనారాయణగారు, ఇరవైయొకటిన గురజాడ, ఇరవైయారున చిలకమర్తి, ఇరవైయెనిమిదిన జాషువా. వాడుకపలుకుబడిని నెత్తికెత్తుకొన్న కాళోజీకీ, రామాయణాన్ని కల్పవృక్షంగా పెంచిన విశ్వనాథకూ నడుమ ఒక్క రాత్రి ఎడం. మొదటివారినిగూర్చిన ప్రసంగంలో ఏది గుణమని చెప్పుతామో, రెండవనాటి ప్రసంగంలో దానికి కొంత ఎదురుగా మాట్లాడవలసి వస్తుంది. ఆ రెండు ప్రసంగాలూ ఒక్కరిచేత వ్రాయించరాదని అనుభవంమీద తెలుసుకొన్నాను. పైగా ఈ జయంతులలో కొన్ని తరచుగా మహాలయపక్షంలో పడతవి. ఒకవైపు ఇంట్లో పితృదేవతలకు తర్పణాలు, మరొకవైపు రేడియోలో కవులకు జన్మదినోత్సవాలు.

శ్రీశ్రీగారి జయంతి ఏప్రిల్ 30న జరుపుకొంటాము. మరునాడు మేడే. ఆ మహాకవి కార్మికుల పండుగకు ఒకరోజు ముందుగా వచ్చి వేదిక సిద్ధంచేసినట్లు ఉంటుందని మావంటివారు ప్రతి సంవత్సరమూ అంటూనే ఉంటారు, నేనూ అన్నాను. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పుట్టినది 1897 నవంబరు 1. ఆయనకు ఏబదితొమ్మిదేండ్లు నిండిననాడే ఆంధ్రప్రదేశ్ అవతరించినది. ఆ సంవత్సరం కవిగారి పుట్టినరోజును ఎవరు పట్టించుకొన్నారో నాకు అనుమానమే. అయితే మైసూరు రాష్ట్రమూ ఆనాడే ఏర్పడినది గనుక కన్నడదేశంలో నవంబరు 1 రాజ్యోత్సవం, సెలవు. అనగా కృష్ణశాస్త్రి జయంతికి రాయచూరులో బడి లేదు, పాన్‌గల్‌లో ఉన్నది. జూన్ 28 మరొక చిత్రం. పి.వి. నరసింహారావుగారు 1921లో, ముళ్ళపూడి వెంకటరమణగారు 1931లో ఆ తేదీనే పుట్టినారు. ఒకరు బహిరంగంగా నవ్వడం అరుదు. మరొకరు తెలుగువారిని నవ్వించకుండా విడిచినది అరుదు. మొదటివారు 'వేయిపడగలు' నవలను హిందీలోకి తెచ్చిన రచయిత గనుక మా పట్టికలో ఇద్దరికీ చోటు ఉన్నది. వ్యవధి చాలక, ఒకసారి ఇద్దరికీ కలిపి పదిహేను నిమిషాలే ఇచ్చినాను. నవ్వూ మౌనమూ చెరి ఏడున్నర నిమిషాలు.

మేనల్లుడు వేసిన ప్రశ్న ఉన్నదే, 'మీ దిక్కు కవులు లేరా?' అన్నది, అది నాకు కొత్తది కాదు. తొంబది యేండ్ల క్రిందట ఒక పెద్దమనిషి మా ప్రాంతంగురించి ఇంచుమించు అదే మాట అన్నాడు. ప్రశ్నగా కాదు, తీర్పుగా. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్నాడు. పూజ్యమంటే సున్న. ఆ సున్నకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డిగారు ఊరూరి కవులనూ కూడగట్టి 1934లో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించినారు. అందులో మూడువందల ఏబదినలుగురు కవులు. సున్న అన్నవానికి మూడంకెల జవాబు.

ప్రతాపరెడ్డిగారు మా వైపువారు. గద్వాలకు చేరువలోని బోరవెల్లిలో, మాతామహుల ఇంట, 1896 మే 28న పుట్టినారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. 1926లో 'గోలకొండ పత్రిక' స్థాపించినారు. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనారు. 1953 ఆగస్టు 25న కీర్తిశేషులైనారు. దుర్ముఖి నామ సంవత్సరంలో పుట్టినవారు. మళ్లీ దుర్ముఖి 1956లోగాని రాలేదు గనుక షష్టిపూర్తి చేసుకొనకుండానే పోయినారు. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో సాహిత్య అకాడమి బహుమానం వచ్చినది. తెలుగులో ఆ బహుమానం పొందిన మొదటి గ్రంథం అది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో వారి పేరు పెట్టినారు.

ఇంత పెద్దమనిషి కూడా, చూడండి, మే 28న పుట్టినారు! రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. బడులకు సెలవులు. వేరుగా సెలవు ఇయ్యవలసిన పనిలేదు. ఇచ్చినా గుర్తించేవాడు లేడు. పిల్లలతో ఊరేగింపు తీయడానికి వీలులేదు. మధ్యాహ్నం సభ పెట్టితే వక్త ఒక్కడే మిగులుతాడు. సాయంత్రం పెట్టితే పూలదండ వాడిపోయి ఉంటుంది. ఇది చాలదన్నట్లు నందమూరి తారక రామారావుగారు కూడా 1923లో అదే తేదీన పుట్టినారు. మే 28న ఉదయంనుండి ఏ వీధిలో ఎవరి పాటలు వినిపిస్తవో నేను చెప్పనవసరం లేదు. రామారావుగారి కీర్తికి నా అసూయ ఏమీ లేదు; కృష్ణుని వేషంలో వారిని చూచి చేతులు జోడించిన కుటుంబమే మాదికూడా. కాని పత్రిక నడిపిన మనిషి, వెండితెర నడిపిన మనిషితో ఒకే తేదీని పంచుకొంటే ఎవరి వాటా ఎంతో ఊహించండి. అన్నదమ్ముల పంపకాలలో తగవు తీర్చే పెద్దలుంటారు. తేదీల పంపకానికి లేరు.

ఇందులో మరొక తమాషా ఉన్నది. పండుగలగూర్చి తెలుగులో శ్రద్ధగా గ్రంథం వ్రాసినవారిలో ప్రతాపరెడ్డిగారే ముఖ్యులు. పేరు 'హిందువుల పండుగలు'. ఏ పండుగ ఎందుకు వచ్చినది, ఏ ఊరిలో ఎట్లు చేస్తారు అని విచారించిన పుస్తకం. దానికి పీఠిక సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిది. పండుగల పుస్తకానికి పీఠిక వ్రాసిన ఆయన పుట్టినరోజే తరువాత ఒక పండుగ అయినది. 1962నుండి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం. అంతటితో ఆగలేదు. ఆయన అధికారికంగా పుట్టినది 1888 సెప్టెంబరు 5. కాని నిజంగా పుట్టినది 1887 సెప్టెంబరు 20 అని ఆయనే నమ్మేవారని, ఆయన కుమారుడు గోపాల్‌గారు తండ్రి జీవితచరిత్రలో వ్రాసినారు. దేశంలోని గురువులందరికీ ఆ పదిహేను దినాల తేడావల్ల నష్టమేమీ కలుగలేదు. పటిక బెల్లం ఏనాడు పంచినా తీపే.

తేదీల పరువు బయటపెట్టడం మొదలుపెట్టినాను గనుక కొంచెం పూర్తి చేస్తాను. షేక్‌స్పియరు పుట్టినరోజు ఏప్రిల్ 23 అని లోకమంతా జరుపుకొంటున్నది. నిజానికి దొరికిన ఆధారం 1564 ఏప్రిల్ 26న చర్చిలో జ్ఞానస్నానం చేయించినట్లు వ్రాసుకొన్న పద్దు ఒక్కటే. మూడు దినాలు వెనుకకు లెక్కించి పుట్టినరోజు కల్పించినారు. ఆయన పోయినది 1616లో ఏప్రిల్ 23నే గనుక జ్ఞాపకం పెట్టుకొనడానికి సులువుగా ఉన్నది. స్పెయిన్ దేశపు సెర్వాంటిస్ సమాధి తేదీ కూడా అదే సంవత్సరం, అదే 23. ఇద్దరు మహారచయితలు ఒకేనాడు తరలిపోయినారని ఉపన్యాసకులు గద్గదస్వరంతో చెప్పుతారు. అప్పటికి స్పెయినులో కొత్త పంచాంగం, ఇంగ్లండులో పాత పంచాంగం. రెండింటికీ పది దినాల తేడా. ఆ తేడాను ఎవరూ లెక్కచేయక 1995లో యునెస్కోవారు ఆ తేదీనే ప్రపంచ పుస్తకదినంగా నిర్ణయించినారు.

మన కాళిదాసుకు పుట్టిన తేదీ కాదు గదా, శతాబ్దమే తగవు. అందుచేత పండితులు ఉపాయం ఆలోచించి, 'మేఘసందేశం'లో యక్షుడు మేఘాన్ని చూచిన దినాన్నే, ఆషాఢం మొదటి దినాన్నే, కాళిదాస దినంగా జరుపుతున్నారు. కవి పుట్టినరోజు దొరకకపోతే అతని పాత్ర మబ్బు చూచిన రోజు! ఇందులోనూ చిక్కు ఉన్నది. ఆ మాట 'మొదటి' దినమా, 'ముగింపు' దినమా అని పాఠభేదం. ఒక్క అక్షరంలో తేడా, ఒక నెలలో తేడా. మన మెదకుసీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి మొదటిదినమే సరియని వాదించి నిలబెట్టినాడు. ఆయన నిలబెట్టకపోతే సభలవారు నెలరోజులు ఆగవలసి వచ్చేది.

వేమనగారి సంగతి మరీ విచిత్రం. ఆయన పదునైదవ శతాబ్దివాడన్నవారున్నారు, పదునెనిమిదవ శతాబ్దివాడన్నవారున్నారు. మూడువందల సంవత్సరాల సందులో ఎక్కడ పుట్టినాడో తేలలేదు. తేదీ మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో తేలినది, జనవరి 19. బొమ్మలకు మ్రొక్కడాన్ని వెక్కిరించిన మనిషి బొమ్మకు ఆనాడు దండవేసి, కొబ్బరికాయకొట్టి, తరువాత ఆయన పద్యమే చదువుతాము.

మా కొండమీది కోట తేదీ అయితే చరిత్రకారులు చెప్పగలరు. 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా ఆ కోటను ముట్టడించి, రెండేండ్లు పట్టువిడువక కూర్చుండి, చివరకు విజయనగరసేనలచేతిలో ఓడిపోయినాడు. ఆ కాలంలోనే శ్రీనాథుడు జీవించి ఉన్నాడు. ఓడిన సుల్తాను ఎప్పుడు వచ్చినాడో తెలుసును. శ్రీనాథుడు ఏనాడు పుట్టినాడో తెలియదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు కవులు వచ్చిపోయిన కాలంలో కూడా ఇదే తీరు. తిరుపతి వేంకటకవులు ఈ దారులలో తిరిగినారు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. ఆనాటి కవికి జ్ఞాపకం పెట్టుకొనవలసిన తేదీ ఒక్కటే: వార్షికం ముట్టే తేదీ. పుట్టిన తేదీకి రూపాయి రాదు గనుక దానిని వ్రాసిపెట్టినవారు తక్కువ.

ఇతరులను అంటున్నాను గాని, నా తేదీ మాత్రం ఏమంత నిజమైనది? బడిలో చేర్చిననాడు పంతులుగారు నాచేత కుడిచేయి తలమీదుగా తిప్పించి ఎడమ చెవి అందుకొమ్మన్నారు. అందినది. అందినది గనుక అయిదేండ్లు నిండినవని, జూన్ 1న పుట్టినానని వ్రాసినారు. మా తరగతిలో పదముగ్గురం జూన్ 1న పుట్టినవారం. ఉద్యోగ విరమణకూడా ఆ లెక్కనే. మా అమ్మను అడిగితే ఆమె లెక్క వేరు: "దసరా పోయినంక, పీర్లు లేవకముందు, పల్లికాయ పెరికేటప్పుడు పుట్టినవు కొడుకా." నేను చదువుకొన్నవాడిని గదా, పాత పంచాంగాలు తిరుగవేసినాను. 1981లో దసరా అక్టోబరు 8. మొహర్రం నవంబరు మొదటివారంలో. నడుమ ఒక నెల. ఆ నెలలో దీపావళి కూడా ఉన్నది. "దీపావళికి ముందా, వెనుకా?" అని అడిగినాను. "పండుగ చేసుకొనే తీరిక ఎవరికున్నది, చేన్ల ఉంటిమి" అన్నది. పరిశోధన అక్కడితో నిలిచిపోయినది. ఆమె కార్డులో ఆమె పుట్టిన తేదీ జనవరి 1 అని ఉన్నది. మా వాడకట్టులో ఆ వయసు ఆడవారు చాలమంది జనవరి 1న పుట్టినవారే. లోకమంతా అర్ధరాత్రి బాణసంచా కాల్చేది వారికోసమే అనుకొంటే సంతోషంగా ఉంటుంది. వారు మాత్రం అప్పటికి నిద్రపోతూ ఉంటారు.

పోయిన వేసవిలో నా గదికి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చినాడు. మా పాన్‌గల్‌కు నాలుగు క్రోసుల దూరంలోని పల్లె. సంచిలోనుండి గుడ్డలో చుట్టిన నోటుపుస్తకం తీసినాడు. తాతగారు వ్రాసిన శతకం. ఊరి ఆంజనేయస్వామి పేరు మకుటం. నేను నిలుచుండే నాలుగు పద్యాలు చదివినాను. తరువాత కూర్చుండి ముప్పది చదివినాను. కరువు సంవత్సరంలో స్వామిని నిలదీసిన పద్యాలు కొన్ని ఉన్నవి. కొండనెత్తినవాడవు గదా, మా బావిలోని పూడిక ఎత్తరాదా అని. ఛందస్సు అక్కడక్కడ కుంటినది. మాట కుంటలేదు.

"రేడియోల చదివిస్తరా సారూ?" అన్నాడు.

అలవాటు చొప్పున పట్టిక తెరిచి, కలం తీసుకొని, "తాతగారు పుట్టిన తేదీ?" అన్నాను.

"అది ఎవరికి ఎరుక సారూ?"

"పోయిన తేదీ?"

"నేను పుట్టకముందే పోయిండు. ఏరువాక పున్నమి దగ్గరదగ్గర అని మా నాయిన అంటుండె."

నేను కలం క్రింద పెట్టి, ఎంతో మర్యాదగా, జయంతులనుబట్టి కార్యక్రమాలు ఏర్పాటుచేసుకొనే మా పద్ధతి వివరించి, తేదీ లేకపోతే ఏనాడు పెట్టాలో తెలియడంలేదని చెప్పినాను. ఆ పెద్దమనిషి వేళాకోళం చేయలేదు. నిజంగానే నాకు సహాయం చేద్దామనుకొన్నట్లు అన్నాడు: "తేదీ లేకుంటే మంచిదే గద సారూ! ఏ దినమైనా పెట్టొచ్చు."

ఇరవైయేండ్లుగా తిప్పుతున్న ఆ పట్టికలో ఖాళీలెన్ని ఉన్నవో ఆనాడే మొదటిసారి చూచినాను. నల్ల అంకెలలోనూ నేను కొన్నింటినే చూస్తున్నాననీ, తక్కినవి నా కంటబడలేదనీ తెలిసినది. ఏడాదిలో సగానికంటె ఎక్కువ దినాలు ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు. ఆ దినాలలో మేము సినిమా పాటలు వేసినాము. గోలకొండ కవుల సంచికలో చేరిన మూడువందల ఏబదినలుగురిలో నా పట్టికకు ఎక్కినవారెందరని లెక్కపెట్టడానికి కూర్చున్నాను, వ్రేళ్లమీదనే అయిపోయినది. సున్న అన్న పెద్దమనిషిని తిట్టుకొంటూ ఇన్నాళ్లు నేను చేసినది ఏమిటో ఆ వ్రేళ్లే చెప్పినవి.

మే 28న సురవరంవారినిగూర్చి ప్రసంగం. అది పట్టికలో ఉన్నదే. మే 29 ఖాళీ. అక్కడ తాతగారి పేరు వ్రాసినాను. ఉపాధ్యాయుడే వచ్చి పద్యాలు చదివినాడు. అవధి పది నిమిషాలు. పూడిక పద్యంవద్ద గొంతు పట్టుకొని కొంచెం ఆగినాడు. ఆ ఆగడాన్ని తీసివేయకుండా అట్లే ప్రసారం చేసినాము.

రెండునాళ్లూ మా అమ్మ పాన్‌గల్‌లో అరుగుమీద కూర్చుండి విన్నది. సెలవుమీద నేను ఇంటికి పోగానే అడిగినది:

"ఆ మొదటినాటి సారు, పత్రిక పెట్టినాయన, ఎప్పుడు పుట్టిండు అన్నరు?"

"మే 28."

"మే అంటె?"

"రోహిణి కార్తె అమ్మా."

"అట్ల చెప్పు. దుక్కులు దున్ని, మొగులు దిక్కు చూసే దినాలు." ఆమెకు తేదీ కుదిరినది. కొంచెంసేపు ఊరకుండి మళ్లీ అడిగినది: "రెండోనాటి పద్యాలాయన?"

"తెలియదట అమ్మా. ఎవరికీ తెలియదట."

"వాళ్ల అమ్మకు ఎరుక ఉండె" అన్నది.